నడుస్తున్న లినక్స్‌లోనే రూట్ లేబుల్ మార్చొచ్చు.. కానీ రీస్టార్ట్‌కు ముందు ఇవి చూసుకోండి

లినక్స్‌లో హార్డ్ డిస్క్ పార్టిషన్‌కు పెట్టుకునే పేరునే లేబుల్ అంటారు. సిస్టమ్ మొత్తం నడిచే రూట్ పార్టిషన్ పేరు మార్చాలంటే మాత్రం చాలామందికి భయం. డేటా పోతుందేమోనని వెనకాడతారు. నిజానికి లేబుల్ ఉండేది ఫైల్ సిస్టమ్ మొదట్లోని సూపర్‌బ్లాక్‌లో. పేరు మార్చినా ఫైళ్ల జోలికి ఎవరూ వెళ్లరు.

ఎలా మార్చాలి?

ముందుగా 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కమాండ్‌ను 'మైనస్ ఎఫ్'తో కొడితే ఏ పార్టిషన్‌కు ఏ ఫైల్ సిస్టమ్, ఏ లేబుల్ ఉందో కనిపిస్తుంది. ఉబుంటులో మామూలుగా ఉండేది ఈఎక్స్‌టీ4. దీనికి 'ఈ2లేబుల్' కమాండ్ చాలు. సుడో పెట్టి, కమాండ్ పక్కన పార్టిషన్ పేరు, కొత్త లేబుల్ రాయాలి. అన్‌మౌంట్ అక్కర్లేదు. పేరు 16 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరాలైతే 16 పడతాయి, తెలుగు అక్షరానికి కనీసం 3 బైట్లు పోతాయి.

బీటీఆర్ఎఫ్ఎస్‌ను కూడా మౌంట్‌లో ఉండగానే మార్చొచ్చు. ఎక్స్ఎఫ్ఎస్‌కు వాడే 'ఎక్స్ఎఫ్ఎస్ అడ్మిన్' మాత్రం కొన్ని వెర్షన్లలో అన్‌మౌంట్ చేయమంటుంది. రూట్‌ను అలా తీయలేం కాబట్టి అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మార్చడం తేలిక. ఎక్స్ఎఫ్ఎస్‌లో పేరు 12 బైట్లకు మించకూడదు.

చిక్కు ఎక్కడ?

పేరు మార్చగానే ఏ తేడా కనిపించదు. సిస్టమ్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లోనో, గ్రబ్ సెట్టింగ్‌లోనో పాత లేబుల్ రాసి ఉంటే, ఆ పేరుతో డిస్క్ దొరక్క బూట్ మధ్యలోనే ఆగిపోవచ్చు. లెక్కలన్నీ అదే కంప్యూటర్‌లో పెట్టుకున్న షాపు అయితే పొద్దున్నే బిల్లింగ్ ఆగినట్టే.

కాబట్టి రీస్టార్ట్‌కు ముందే ఆ రెండు చోట్లా చూసి కొత్త పేరు రాయాలి. ఉబుంటులో గ్రబ్ సెట్టింగ్ మార్చితే 'అప్‌డేట్ గ్రబ్' కమాండ్ కూడా కొట్టాలి. లేబుల్ బదులు యూయూఐడీ రాసి ఉంటే పేరు ఎన్నిసార్లు మార్చినా ఢోకా లేదు. క్లోన్ చేసిన డిస్క్‌కు మాత్రం యూయూఐడీ కూడా అదే వస్తుంది. రెండూ ఒకే కంప్యూటర్‌కు తగిలిస్తే ఏది బూటవుతుందో చెప్పలేం.

ఒకవేళ బూట్ ఆగిపోయినా కంగారుపడి ఫార్మాట్ చేయొద్దు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పాత లేబుల్ తిరిగి పెడితే సరిపోతుంది. అందుకే మార్చేముందు పాత పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.