కంపెనీ ఇచ్చే కారు: కిరాయి ఎవరిది, బండి ఎవరిది?

"మావోనికి కంపెనీ కారిచ్చింది" అని కచ్చీరు కాడ ఏ తండ్రన్న అంటే ఊరంతా సంబురపడుతది. కొబ్బరికాయ కొడుతరు, నిమ్మకాయలు తొక్కిస్తరు, ఫోటోలు స్టేటస్‌ల పెడుతరు. పెట్టుకోనీ, తప్పేముంది. కానీ గా బండి కాయితం తీసి చూస్తే ఆర్సీ మీద కొడుకు పేరుండది, తండ్రి పేరుండది. గాడ ఉండేది ఒక లీజింగ్ కంపెనీ పేరు.

హైదరాబాద్‌ల, బెంగళూరుల కొలువులు చేసే మన ఊర్ల పిల్లలు ఈ నడుమ నన్ను ఎక్కువ అడుగుతున్న ముచ్చట గిదే. "అన్నా, హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, కారు లీజు తీస్కుంటే పన్ను మిగులుతదంటున్నరు, తీస్కోవాల్నా?" అని. నేను లెక్కల మాస్టర్ను కాను, ఆడిటర్ను అంతకన్న కాను. అడిగిన పిల్లలకు జవాబు చెప్పెతందుకు కాయితాలు చదివిన, లెక్కలు ఏసిన. తెలిసినకాడికి చెప్త.

ముందుగాల ఒకటి మనసుల పెట్టుకో తమ్మీ. కంపెనీ ఏదీ ఊకె ఇయ్యది. కారు కొనేది లీజింగ్ కంపెనీ. దాన్ని కిరాయికి తీస్కునేది నీ కంపెనీ. తోలేది నువ్వు. ఆ కిరాయి మాత్రం నీ సీటీసీలకెళ్లే కోస్తరు. మామూలుగ మూడు, నాలుగు లేదంటే ఐదేండ్లకు ఒప్పందం ఉంటది. ఇన్సూరెన్సు, సర్వీసింగు సుత చానా కాడ అదే కిరాయిల కలుపుతరు.

మరి మిగిలేది ఏడ? బ్యాంకు లోను తీస్కోని కారు కొంటే, పన్ను కట్టినంక చేతికొచ్చిన జీతంలకెళ్లి ఈఎంఐ కడతవు. లీజుల అయితే కిరాయి ముందుగాలే పోతది, మిగిలిన జీతం మీదనే పన్ను పడుతది. అయితే కంపెనీ కారు వాడుకుంటున్నవు కాబట్టి ఆ సౌలత్‌కు సర్కారు ఒక ధర కట్టి, దాన్ని నీ ఆదాయంల కలుపుతది. 1962 ఆదాయపన్ను నిబంధనల్ల 2025-26 దాంక ఈ ధర ఇట్లుండె: ఇంజన్ 1.6 లీటర్ల దాంక ఉండి, నడుపుడు ఖర్చులు సుత కంపెనీ లెక్కల పోతే నెలకు 1,800 రూపాయలు. అంతకన్న పెద్ద ఇంజన్ అయితే 2,400. డ్రైవర్ను సుత కంపెనీయే పెడితే ఇంకో 900. పెట్రోలు, మరమ్మత్తు నువ్వే పెట్టుకుంటే 600, 900 రూపాయలే.

2025-26 సంవత్సరం లెక్క ఒకటి ఏసి చూద్దాం. నీ జీతం యేడాదికి 20 లక్షలు, కొత్త పన్ను విధానంల ఉన్నవు. లీజు కిరాయి అన్నీ కలిపి నెలకు 25,000, అంటే యేడాదికి 3 లక్షలు. సర్కారు కలిపే ధర నెలకు 1,800 చొప్పున 21,600. తీసేస్తే నీ పన్ను ఆదాయం 2,78,400 తగ్గుతది. నీది 20 శాతం శ్లాబు, మీద సెస్సు 4 శాతం. అంటే మిగిలేది 57,907 రూపాయలు. నెలకు 4,800 పైచిలుకు. తక్కువేం కాదు. కానీ నాలుగేండ్లల్ల నువ్వు కట్టేది 12 లక్షలు. రేట్లు గట్లనే ఉంటే, మిగిలిన పన్ను తీసేసినా 9 లక్షల 68 వేలు పోయినట్టే. అప్పటికీ బండి నీది కాదు.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. మన ఊర్లకెళ్లి పోయిన పిల్లలల్ల ఎంతమందికి 20 లక్షల జీతముంది? కొత్త విధానంల 12 లక్షల ఆదాయం దాంక పన్ను లేదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12 లక్షల 75 వేల దాంక రూపాయి కట్టే పని లేదు. నీ జీతం ఆరు లక్షలో తొమ్మిది లక్షలో అయితే, కట్టని పన్నుల మిగిలేది ఏముంటది చెప్పు? అయినా హెచ్ఆర్ మెయిల్ల "పన్ను ఆదా" అని పెద్దక్షరాలే ఉంటయ్. ఆ మెయిల్ అందరికీ ఒక్కటే పంపుతరు, నీ జీతం చూసి పంపరు.

ఇంకో వింత చూడు. 14 లక్షల జీతమున్నోనికి 20 లక్షలోని కన్న ఎక్కువ మిగులుతది. వాని పన్ను ఆదాయం 13 లక్షల 25 వేలు, పన్ను సెస్సుతోని 81,900. గదే 25,000 లీజు తీస్కుంటే ఆదాయం 12 లక్షల లోపటికి దిగుతది, పన్ను మొత్తం మాఫ్. కాయితం మీద మంచిగనే ఉంది. కానీ 14 లక్షలోడు నెలకు 25,000 కారుకే పెడితే ఇంటికి పంపేదేంది, చెల్లె ఫీజు కట్టేదేంది? పన్ను మిగిలించుకునేటందుకు కారు కొనుడంటే, రాయితీ ఉందని లేని పొలానికి ట్రాక్టర్ తెచ్చినట్టే.

ఇంకో మెలిక ఉంది, అది ఊర్లోళ్లకు బాగ తగులుతది. సర్కారు కట్టే ఆ ధర లెక్క ఎప్పుడు వర్తిస్తదంటే, కారు కొంత ఆఫీసు పనికి, కొంత సొంతానికి వాడితేనే. మొత్తం సొంతానికే వాడితే కంపెనీ పెట్టిన ఖర్చు మొత్తం నీ ఆదాయంల కలవాలె. అప్పుడు మిగిలేది సున్న. కొడుకు హైదరాబాద్‌ల మెట్రోలనో షేర్ ఆటోలనో ఆఫీసుకు పోతడు, లీజు కారేమో జనగామ దిక్కు ఊర్ల నాయిన కాడ ఉంటది, పెండ్లిళ్లకు పేరంటాలకు తిరుగుతది. గిది ఆఫీసు పనేనని రాసిస్తే, రేపు నోటీసు వస్తే జవాబు చెప్పేది కొడుకే. చుట్టాలు కిరాయికి అడిగితే సుత ఇయ్యద్దు. తెల్ల నంబర్ ప్లేట్ బండి కిరాయికి తిప్పుడు చట్టం ఒప్పది, లీజు కాయితం అంతకన్న ఒప్పది.

జీఎస్టీ ముచ్చట సుత చెప్పాలె. కిరాయి మీద పడే జీఎస్టీ రేటు, కారు మీద ఉండే రేటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం, కరెంటు బండ్లకు 5 శాతం. వేరే ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని కంపెనీలు మల్ల తమ పన్నుల సర్దుకుంటయ్. 13 మంది దాంక కూసునే బండ్లకు మీ కంపెనీకి ఆ సౌలత్ లేదు. అందుకే అది సుత కిరాయిల కలిసి నీ నెత్తి మీదికే వస్తది.

లీజు ఒడిసినంక బండి వాపస్ ఇయ్యొచ్చు, లేదంటే ముందే రాసుకున్న మిగులు ధర కట్టి నీ పేరు మీదికి మార్పించుకోవచ్చు. అప్పటికి నువ్వు రెండో ఓనర్‌వు. నెలసరి కిరాయి తక్కువ కనిపిస్తే సంబురపడకు, చివరి ధర ఎక్కువ పెట్టినరేమో చూడు.

అన్నిటికన్న పెద్ద భయం కొలువు పోవుడు. ఐటీల ఉద్యోగం పొద్దున మెయిల్‌తోని మొదలై మాపటికి లాప్‌టాప్ వాపస్ తీస్కునుడుతోని ఒడిసిన రోజులు చూస్తనే ఉన్నం. లీజు నడిమిట్ల కొలువు పోతే, నువ్వు ఇడిసినా వాళ్లే తీసేసినా, ఫోర్‌క్లోజర్ అని ఒక మొత్తం పడుతది. మిగిలిన కిరాయిల కొంత భాగమో, బండి మిగిలిన ధరనో, దాని మీద పన్నో, ఒప్పందాన్ని బట్టి ఉంటది. చానా కాడ ఆఖరి జీతం లెక్కలకెళ్లే పట్టుకుంటరు. కొత్త కంపెనీకి గదే లీజింగ్ కంపెనీతోని ఒప్పందముంటేనే లీజు గాడికి మారుతది. ఈఎంఐ అయితే అంగట్ల బండి అమ్మి లోను తీర్చుకోవచ్చు. లీజు బండి నువ్వు అమ్మలేవు, అది నీది కాదు గద.

నా కోపం ఒకటి చెప్పనియ్యుండ్రి. 1.6 లీటర్ల లోపు ఇంజన్ అయితే, కారు ఎనిమిది లక్షలదైనా ముప్పై లక్షలదైనా సర్కారు కట్టే ధర ఒక్కటే. ఎంత ఖరీదు కారు తీస్తే అంత ఎక్కువ పన్ను మిగులుతది. ఆర్టీసీ బస్సుల పోయే జీతగానికి నెలకు 1,600 రూపాయల రవాణా భత్యం మీద పన్ను మినహాయింపు ఉండేది. 2018 బడ్జెట్ల దాన్ని తీసేసి స్టాండర్డ్ డిడక్షన్‌ల కలిపిన్రు. కారోనికి వేరే సందు ఉంది, బస్సోనికి లేదు. అదే ఆఫీసుల క్యాబ్ తోలే డ్రైవరన్న, కాంట్రాక్టు సెక్యూరిటీ అన్న ఈ స్కీములల్ల ఏడా కనిపించరు.

తీస్కోవద్దని నేను అంటలేను. 20 లక్షలు దాటి, కొలువు గట్టిగుండి, రోజు ఆఫీసుకు కారు తోలేటోడు అయితే లెక్క కుదురుతది. సంతకానికి ముందు హెచ్ఆర్‌కు మెయిల్ల నాలుగు అడుగు, నోటితోని కాదు. జీఎస్టీతోని కలిపి నెల కిరాయి ఎంత, చివరి మిగులు ధర ఎంత, కిలోమీటర్లకు హద్దు ఉందా, కంపెనీయే నన్ను తీసేస్తే పన్నెండో నెల, ఇరవై నాలుగో నెల, ముప్పై ఆరో నెల ఎంత కట్టాలె. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు, కాబట్టి సర్కారు కలిపే ధర సుత ఆ యేడుది ఎంతో రాయించుకో. ఆ ఫోర్‌క్లోజర్ పట్టిక ఇచ్చేదాంక సంతకం పెట్టకు.