దడగా ఉన్నప్పుడు నవ్వు కనబడదు

"మామయ్య పొద్దున్నే పోయిండంట!"

ఎవరైనా ఫోన్‌లో ఈ మాట చెబితే మీరేమనుకుంటారు? పెళ్లింట్లో తీరిగ్గా కూర్చుని ఉంటే, ఊరికి బయల్దేరాడు కాబోలు అనుకుంటారు. అదే ఆ మామయ్య ఆసుపత్రిలో ఉండి, మీకు నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేకపోతే? గుండె ఝల్లుమంటుంది. మాట అదే, వినేవాళ్లూ మీరే. మారింది మీ మనసు పరిస్థితి.

ఆందోళన అంటే అరచేతుల్లో చెమటలు, కడుపులో తిప్పడం... ఇంతే అనుకుంటాం. కానీ అది మనం చూసేదాన్నీ, వినేదాన్నీ కూడా మార్చేస్తుంది. ఏ మానసిక జబ్బూ లేని మామూలు మనుషులకు కాసేపు కావాలని ఆందోళన పుట్టించి మరీ ఈ సంగతిని పరీక్షించారు శాస్త్రవేత్తలు.

నాకు దీని మీద ఆసక్తి పెరిగింది తల్లుల వల్ల. ఇంటర్ పరీక్షల ముందు తల్లిదండ్రులతో మాట్లాడమని పిలిస్తే జనగామ, మానుకోట (కాగితాల మీద మహబూబాబాద్ అనుకోండి), భూపాలపల్లి వెళుతుంటాను. 2016 దాకా మూడూ వరంగల్ జిల్లాలోవే. ఇప్పుడు దేనికది జిల్లా కేంద్రం. జిల్లాలు విడిపోయినా తల్లుల ఫిర్యాదు మాత్రం ఒక్కటే. "మంచిగ చెప్పినా తిట్టినట్టే అనుకుంటరు మేడం!" పిల్లల్ని పక్కకు పిలిచి అడిగితే, "అమ్మ ముఖం ఎప్పుడూ కోపంగనే ఉంటది" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ముంజేతికి తీగ

అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు 2011లో ప్రకటించిన ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న 31 మందిని వాళ్ల ఇష్టంతోనే కూర్చోబెట్టారు. తెర మీద ముఖాలు కనిపిస్తుంటాయి... కొన్ని నవ్వుతున్నవి, కొన్ని భయపడుతున్నవి. ముఖానికి అడ్డంగా 'సంతోషం' అనో 'భయం' అనో రాసి ఉంటుంది. ఒక్కోసారి ఆ రాత ముఖానికి సరిపోతుంది, ఒక్కోసారి పొసగదు. రాతను పట్టించుకోకుండా ముఖం ఎలాంటిదో చెప్పాలి. ఇందులో మెలిక ఏమిటంటే, కొంతసేపు "ఇప్పుడు మీకేమీ కాదు" అని చెబుతారు. మరి కొంతసేపు "ఏ క్షణాన్నయినా కరెంటు షాక్ తగలొచ్చు" అంటారు. షాక్ కన్నా అది ఎప్పుడు తగులుతుందోనన్న ఎదురుచూపే ఇక్కడ అసలు మందు.

ఏమీ కాదని తెలిసినప్పుడు వాళ్ల మనసు నవ్వు ముఖాల వైపే మొగ్గింది. షాక్ భయం మొదలవగానే ఆ మొగ్గు కాస్తా మాయం! భయపు ముఖాలను పట్టుకోవడం మాత్రం చురుకైంది. ఇంకో విశేషం చూడండి. రాతకూ ముఖానికీ పొంతన కుదరనప్పుడు సర్దుకునే నేర్పు ఏమీ తగ్గలేదు. అంటే తెలివి మందగించలేదు, మంచిని ముందు చూసే అలవాటు మాత్రం పోయింది.

ఆలోచిస్తే ఇది తప్పేమీ కాదు. మిరప చేలో పాము తిరుగుతోందని ఎవరైనా అన్నాక, గట్టు మీద పడున్న తాడు కూడా పామేననిపిస్తుంది. తాడును పామనుకుంటే పోయేదేమీ లేదు. పామును తాడనుకుంటేనే ప్రమాదం. మనసు లెక్క అది. చేలో పనికొచ్చే ఆ లెక్క ఇంట్లో, తల్లీబిడ్డల మధ్య, తిరగబడుతుంది.

పెళ్లిచూపుల లాంటిదే

ఆందోళన పుట్టించడానికి షాకే అక్కర్లేదు. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పద్ధతి ప్రకటించారు. ముఖంలో ఏ భావమూ చూపని కొందరు పెద్దమనుషుల ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వాలి. ఆ తర్వాత 1022లోంచి 13 చొప్పున తీసేస్తూ నోటితో లెక్క చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికే! దీంతో గుండె వేగం పెరిగింది. ఉమ్ములో కార్టిసాల్ అనే హార్మోను రెండు నుంచి నాలుగు రెట్లయింది. చదువుతుంటే నాకు మన పెళ్లిచూపులే గుర్తొచ్చాయి. మెచ్చారో లేదో తెలియనివ్వని ఆ ముఖాల ముందు కూర్చున్న ఆడపిల్లకు కార్టిసాల్ ఎంతుంటుందో ఎవరూ కొలిచినట్టు లేదు!

పిల్లాడు భయంగా ఉన్నప్పుడు మనం "ఏమీ అనలేదు కదా" అని ముఖం గంభీరంగా పెట్టుకు కూర్చోవడం కూడా అలాంటిదే. ఏమీ అనకపోవడం వాడికి ఊరట కాదు. ఖాళీ ముఖాన్ని వాడు తనకు తోచినట్టు నింపుకుంటాడు. ఆ వేళ వాడికి తోచేది కోపమే.

ఇది పిల్లలకే పరిమితం కాదు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుల ఇళ్లు చాలా ఉన్నాయి. మగవాళ్లు బాయికి పోతే ఆడవాళ్లకు ఎదురుచూపు తప్పదు. ఒకావిడ చెప్పింది: "రెండో షిఫ్టుకు పోయిన మనిషి అర్ధరాత్రయినా రాకపోతే, పక్కింటోళ్లు తలుపు తీసిన సప్పుడు కూడా చెడ్డ కబురు లెక్కనే ఇనబడ్తది." ఆలస్యంగా వచ్చిన భర్త అలసిపోయి మాట్లాడకపోతే, ఆ మౌనం కూడా ఆమెకు విసుగులాగే కనిపిస్తుంది. అక్కడినుంచి గొడవ. ఇప్పుడు ఆ దంపతులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆలస్యమైతే ఆయన ఫోన్ చేస్తాడు. మొదటి మాట "నేను మంచిగనే ఉన్న". ఎందుకు ఆలస్యమైందన్నది ఆ తర్వాతే. నాకీ వరస బాగా నచ్చింది.

ఫలితాల రోజుకూ ఇదే పనికొస్తుందని నా అభిప్రాయం. మార్కులు చూశాక చెప్పే ధైర్యం మాటలు ఆ దడలో సరిగ్గా చేరకపోవచ్చు. "ఫెయిలైతే సప్లిమెంటరీ రాద్దాం, ఇంట్లో ఎవరం ఏమీ అనం" అన్న మాట ముందే, వారం రోజుల ముందే, అన్నం తింటూ మామూలుగా అనేయాలి. అప్పుడు వినిపిస్తుంది. ఇంగ్లండులో ఆండ్రూ మాథ్యూస్, బండీ మాకింటోష్ 2000లో ప్రకటించిన ప్రయోగాల్లో, రెండు రకాలుగా అర్థం చేసుకోదగ్గ చిన్న కథలను మంచిగా ముగించుకోవడం అలవాటు చేసినవాళ్లకు ఆందోళన తగ్గింది. చెడుగా ముగించుకున్నవాళ్లకు పెరిగింది. అర్థం చేసుకునే తీరును మార్చుకోవచ్చన్నమాట!

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో ఇంట్లో కారణాలు ఎన్ని ఉంటాయో బయటివాళ్లం చెప్పలేం. కానీ దడ గంటల్లో తగ్గకుండా రోజుల తరబడి నిలిచిపోతే, నిద్రా తిండీ పోతే, "నేను లేకుంటేనే మంచిది" లాంటి మాట నోట వస్తే, పరీక్షలయ్యాక చూద్దామనుకోకండి. బిడ్డను ఒంటరిగా వదలకుండా డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ ఫోన్ సేవ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల కోసమే కాదు, మీ కోసమూ చేయవచ్చు.