కాంతితో విప్పారు గ్రాఫైటు

పిల్లలు వ్రాసికొను పెన్సిలు నడుమ నుండు నల్లని పుల్లను మనము సీసమని వ్యవహరించుచున్నాము. నిజమునకు అందు సీసము లేశమైనను లేదు. అది గ్రాఫైటు అను ఖనిజమును మట్టితో కలిపి కాల్చి చేసిన పుల్ల. గ్రాఫైటు కర్బనముయొక్క ఒక రూపమే యని స్వీడను దేశపు రసాయన శాస్త్రవేత్త షీలే 1779లో నిరూపించెను. మన తూర్పు కనుమలలో ఖోండలైటు అను శిల విస్తారముగా కలదు. విశాఖపట్టణము నానుకొనియున్న కొండలును ఆ జాతివే. ఆ శిలలయందు అచ్చటచ్చట గ్రాఫైటు నల్లని రేకులవలె మెఱయుచుండును. కావున ఈ ఖనిజము తెలుగువారికి పరాయిది కాదు.

గ్రాఫైటును రుద్దినచో వ్రేళ్లు నల్లబడును. స్పర్శకు జారుడుగా తోచును. ఇందుకు కారణము దాని నిర్మాణము. కర్బన పరమాణువులు తేనెపట్టులోని గదులవలె ఆఱేసి చొప్పున కూడి పొరలుగా ఏర్పడియున్నవి. ఒక పొరలో పరమాణువునకు పరమాణువునకు నడుమ దూరము 0.142 నానోమీటరు, పొరకు పొరకు నడుమ దూరము 0.335 నానోమీటరు. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. పొరలోపలి బంధము మిక్కిలి దృఢమైనది. పొరలను ఒండొంటితో కలిపి యుంచు బంధము మాత్రము మిక్కిలి దుర్బలము. ఈ దౌర్బల్యమునే మానవుడు తన యుపయోగమునకు మలచుకొనెను.

1840 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞుడు షాఫ్‌హాయిట్ల్, గంధకామ్ల నత్రికామ్లముల మిశ్రమములో గ్రాఫైటు ఉబ్బుటను గమనించెను. ఆమ్లము పొరల నడుమకు చొరబడి వానిని కొంచెము ఎడము చేయును. అట్టి గ్రాఫైటును కడిగి ఆరబెట్టినచో చూపునకు మామూలు పొడివలెనే యుండును. కాని దానిని 900 మొదలు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల కొలిమిలో హఠాత్తుగా పడవైచినచో, కొలది క్షణములలో లోపలి ఆమ్లము వాయువుగా మారి పొరలను త్రోసికొనుచు వెలికి వచ్చును. ఒక్కొక్క రేకు సన్నని నల్లని పురుగువలె సాగును. ఘనపరిమాణము 100 మొదలు 300 రెట్లవఱకు పెరుగును. ఇదియే విప్పారిన గ్రాఫైటు.

ఈ రహస్యము మన గృహిణులకు తెలియనిది కాదు. పేలాలు వేయించునప్పుడు ఇసుక బాగుగా కాలవలెను. అప్పుడే గింజలోని తేమ ఒక్కమాఱుగా ఆవిరియై గింజను విచ్చును. సన్నని మంటపై మెల్లగా కాచినచో తేమ మెల్లగా జారిపోవును. గింజ మాడునే గాని పేలదు. గ్రాఫైటు విషయమును ఇట్టిదే. మెల్లగా వేడిచేసినచో వాయువు రేకుల అంచులనుండి తప్పించుకొని పోవును. కావున ఇచ్చట ముఖ్యమైనది వేడిమి మాత్రమే కాదు, అది తగులు వేగము.

ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. విప్పారిన గ్రాఫైటును ఏ జిగురును కలుపకయే నొక్కి, వంగెడి రేకులుగా చేయవచ్చును. ఆవిరి గొట్టముల కీళ్లలోను, రసాయన కర్మాగారముల యంత్రములలోను, ద్రవములు కారకుండుటకు ఈ రేకులను బిగింతురు. పూర్వము ఆ స్థానమున రాతినారను, అనగా ఆస్‌బెస్టాసును, వాడుచుండిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలిన పిదప అనేక కర్మాగారములలో గ్రాఫైటు దాని చోటును పొందినది. నీటిపై తేలు నూనెను పీల్చుటకును, యంత్రముల వేడిమిని చెదరగొట్టుటకును ఇది పనికివచ్చును.

ఇక దీనికగు వ్యయము సంగతి. ఒక కిలోగ్రాము గ్రాఫైటును మాత్రము 1000 డిగ్రీలవఱకు వేడి చేయుటకు అర యూనిట్టు విద్యుత్తునకు లోపుగానే చాలును. కాని కొలిమి గ్రాఫైటును మాత్రమే వేడి చేయదు. ఇటుక గోడలను, లోపలి గాలిని వేడి చేయవలెను. పని లేని వేళలందును ఆ వేడిని నిలుపవలెను. గుప్పెడు గింజలకొఱకు పొయ్యిని దినమంతయు మండించుట వంటిది ఇది.

ఈ వృథాను తొలగించుటకు కాంతి ఒక మార్గము చూపుచున్నది. నల్లని వస్తువు తనపై పడిన కాంతిలో అధిక భాగమును మ్రింగి వేడిగా మార్చును. కాంతి గోడలను కాచి, గోడలు గాలిని కాచి, గాలి గ్రాఫైటును కాచు వరుస ఇచ్చట లేదు. శక్తి సూటిగా గ్రాఫైటుకే చేరును. ఫోటోలు తీయువారి మెఱుపు దీపము సుమారు సెకనులో వెయ్యవ వంతు కాలమే వెలుగును. వేడి ప్రక్కలకు ప్రాకునంతలోపల పని ముగియును.

ఇది ఊహ మాత్రమే కాదు. 2009లో అమెరికాలోని నార్త్‌వెస్టర్ను విశ్వవిద్యాలయమున పరిశోధకులు, గ్రాఫైటుకు సోదర పదార్థమైన గ్రాఫైటు ఆక్సైడుపై కెమేరా మెఱుపును ప్రసరింపజేయగా, అది అంతలోనే నల్లబడి ఉబ్బినది. 2011లో మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు మఱింత సులభమైన మార్గమును ప్రకటించిరి. బాలురు కుంభాకార కటకముతో ఎండను ఒకచోట చేర్చి కాగితము కాల్చుట మనమెఱుగుదుము. వారు అట్లే సూర్యకిరణములను గ్రాఫైటు ఆక్సైడుపై కేంద్రీకరించి దాని పొరలను విడదీసిరి. ఈ ఆక్సైడు సుమారు 200 డిగ్రీలకే విచ్ఛిన్నమగును గనుక పని సుకరమైనది. ఆమ్లము చొప్పించిన గ్రాఫైటునకు వేడిమి హెచ్చుగా కావలెను; సూత్రము మాత్రము ఒక్కటే.

అయినను ఇందు చిక్కులు లేకపోలేదు. కాంతిని మ్రింగు గుణమే ఒక అడ్డంకి. పై పొడి కాంతినంతయు తానే గ్రహించి క్రింది పొడికి నీడ యగును. కావున పొడిని పలుచగా పఱచి కదలు పట్టీపై నడుపవలెను. విప్పారిన పురుగులు అతి తేలికయైనవి. గాలికి లేచి దీపమును కప్పివేయును. దీపమునకు అందించిన విద్యుత్తులో కొంత భాగమే కాంతిగా మారునన్నది మఱవరాదు. కొలిమితో పోల్చునప్పుడు ఈ నష్టమును కూడ లెక్కలో చేర్చవలెను. కాంతిని వాడినను ఆమ్లపు వాయువులు వెలువడక మానవు. వానిని పట్టి శుద్ధి చేయుట, కడిగిన నీటిని విరుగజేయుట పూర్వమువలెనే అవసరము.

కనుక కాంతి వచ్చినంత మాత్రమున కొలిమి చల్లారునని తలంపరాదు. అధిక రాశులకు కొలిమియు, పలుచని పొరలకు, కోరిన చోట మాత్రమే విప్పవలసిన పనులకు కాంతియు తగియుండును. ఒక పనికి ఎంత శక్తి అవసరమో అంతయే, అవసరమైన చోటనే, అవసరమైన క్షణముననే అందించుట పొదుపు. పేలాల మూకుడు మొదలు మెఱుపు దీపమువఱకు వర్తించు నీతి ఇదియే.