సూరత్ రాత్రి దారుల్లో ఒంటరి సైకిల్: ప్రశాంతత ఎంత, ప్రమాదం ఎంత?

సూరత్: సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో లింబాయత్, ఉధ్నా, పాండేసరా పరిసరాల్లోని చాలా మరమగ్గాల షెడ్లలో షిఫ్టు మారుతుంది. పన్నెండు గంటలపాటు మగ్గాల మధ్య నిలబడి పనిచేసినవారు బయటికి వస్తారు. రాత్రి షిఫ్టువారు లోపలికి వెళతారు. కొందరు నడిచి ఇంటిదారి పడతారు, కొందరు షేర్ ఆటో ఎక్కుతారు, మరికొందరు గోడకు ఆనించిన సైకిల్ తీస్తారు. అదే రాత్రి నగరానికి నైరుతి దిక్కున, డుమస్ సముద్రతీరం వైపు సాగే విశాలమైన రహదారిపై మరో రకం సైకిళ్లు కనిపిస్తాయి. వాటికి గేర్లుంటాయి, తొక్కేవారి తలపై హెల్మెట్ ఉంటుంది. వీరు ఇష్టంతో వచ్చినవారు, మొదటివారు అవసరంతో వచ్చినవారు. వెనుక నుంచి వేగంగా వచ్చే లారీ డ్రైవరుకు మాత్రం ఈ తేడా పట్టదు. ముందున్న సైకిల్ సకాలంలో కంటపడిందా లేదా అన్నదొక్కటే అతడికి లెక్క.

రాత్రివేళ ఒంటరిగా సైకిల్ తొక్కడంలో ఆకర్షణ ఏమిటో సూరత్‌లో ఒక్క వేసవి గడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు. సముద్రం చెంతనే ఉన్న నగరం కావడంతో పగటి ఎండకు ఉక్కపోత తోడవుతుంది. బట్టల మూటలు నింపుకున్న టెంపోలు, ద్విచక్రవాహనాలు, రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్ల రద్దీ మధ్య పగలు సైకిల్‌కు చోటు దొరకడమే కష్టం. రాత్రి తొమ్మిది దాటాక గాలి మారుతుంది, తపతి నదిపై వంతెనలు ఖాళీ అవుతాయి. పగలు అరగంట పట్టే దూరం సగం సమయంలో ముగుస్తుంది. పక్కన మాట్లాడేవారు లేకపోవడం, ఎవరి వేగానికో సర్దుకోవలసిన అవసరం లేకపోవడం ఒంటరి ప్రయాణాన్ని కోరుకునేవారికి అదనపు సుఖం.

మగ్గాల కార్మికుడికి ఈ నిశ్శబ్దం విలువ ఇంకా ఎక్కువ. సూరత్‌లో తెలుగువారి ఉనికి కొత్తది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. ఏటా లింబాయత్‌లో బతుకమ్మ ఆడతారు. సిరిసిల్లలో మాదిరిగానే ఇక్కడి తెలుగు కార్మికుల నోట కూడా మరమగ్గం అంటే సాంచానే. ఆ సాంచాల షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్లు దాటడం మామూలే. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి, లేదా సైగ చేయాలి. ఒకే గదిని పగటి షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు వంతులవారీగా వాడుకునే వలస కార్మికులకు ఇంటివద్ద కూడా ఏకాంతం ఉండదు. రోజు మొత్తంలో ఎవరి అజమాయిషీ లేకుండా, ఎవరి శబ్దమూ లేకుండా గడిచే కాలం ఆ సైకిల్‌పై ఉన్న కాసేపే.

చెవి చేసే మోసం

ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది. భారీ శబ్దంలో గంటల తరబడి ఉన్న చెవి బయటికి రాగానే మామూలు స్థితికి రాదు. వినికిడి తాత్కాలికంగా మందగిస్తుంది. కోలుకోవడానికి గంటలు పట్టవచ్చు. ఏళ్ల తరబడి ఇదే సాగితే లోపం శాశ్వతమవుతుంది. సైకిల్‌పై వెళ్లేవారికి వెనుక కళ్లు చెవులే. అద్దం ఉండదు, తల తిప్పితే బండి ఒరుగుతుంది. కాబట్టి వెనుక వచ్చే వాహనం ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో, వేగం తగ్గిస్తోందో లేదో శబ్దాన్ని బట్టే ఊహిస్తారు. షిఫ్టు దిగి నేరుగా సైకిల్ ఎక్కిన కార్మికుడికి ఆ సమాచారం సగమే అందుతుంది. రోడ్డు ప్రశాంతంగా ఉందని అతడికి అనిపించడానికి రోడ్డు నిజంగా ఖాళీగా ఉండటమే కారణం కాకపోవచ్చు.

సరదాగా తొక్కేవారు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఇదే లోపాన్ని కోరి తెచ్చుకుంటారు. పాట వినాలనుకుంటే ఇంటికి చేరాక వినవచ్చు. దీనికి పన్నెండు గంటల అలసట తోడైతే ప్రతిస్పందన మరింత మందగిస్తుంది.

కన్ను సంగతి వేరు. వెలుతురు నుంచి చీకటిలోకి వచ్చినప్పుడు కంటిలోని దండకణాలు పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎదురుగా వచ్చే కారు హెడ్‌లైటు ఒక్కసారి సూటిగా తగిలితే ఆ సర్దుబాటు చెదిరి, కొన్ని క్షణాలపాటు ముందున్న గుంత కనిపించదు. అందువల్ల ఎదుటి కాంతిని చూడకుండా రోడ్డు ఎడమ అంచును చూస్తూ, వేగం తగ్గించి సాగాలని అనుభవజ్ఞులు చెబుతారు. వర్షాకాలంలో ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. తడిసిన తారు ప్రతి దీపాన్నీ ప్రతిబింబిస్తుంది, నీరు నిలిచిన చోట లోతు తెలియదు.

నాకు కనిపిస్తోంది కాబట్టి నేనూ కనిపిస్తాను

రాత్రి సైకిల్ తొక్కేవారిలో అత్యధికులు చేసే పొరపాటు ఈ నమ్మకమే. దూరం నుంచే కారు దీపాలు తమకు కనిపిస్తాయి కాబట్టి ఆ కారు డ్రైవరుకు తామూ కనిపిస్తున్నామని అనుకుంటారు. లెక్క వేరుగా ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. ముందు ఏదో ఉందని గ్రహించి బ్రేకుపై కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే అప్పటికే 25 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డుపై ఆగడానికి మరో 20 మీటర్లయినా కావాలి. లారీ అయితే, అందులోనూ నిండు లోడుతో ఉంటే, ఇంకా ఎక్కువే. ముదురు రంగు చొక్కా, ప్యాంటు వేసుకున్న మనిషి కిందికి వంచిన హెడ్‌లైటు వెలుగులో చాలాసార్లు అంతకంటే దగ్గరికి వస్తే గానీ కనిపించడు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. ఇతర వాహనాలు రాని ప్రత్యేక మార్గంలో రాత్రివేళ డ్రైవర్లతో కారు నడిపించి, ముందున్న సైక్లిస్టును ఎంతమంది గుర్తిస్తారో పరీక్షించారు. నల్ల దుస్తుల్లో ఉన్నవారిని గుర్తించినది 2 శాతం సందర్భాల్లోనే. మెరిసే నియాన్ రంగు జాకెట్ వేసుకుంటే 15 శాతం, కాంతిని తిప్పికొట్టే పట్టీలున్న జాకెట్‌తో 50 శాతం. ఆ జాకెట్‌కు తోడు మోకాళ్లకు, చీలమండలకు కూడా అలాంటి పట్టీలు కట్టుకుంటే గుర్తింపు 90 శాతానికి చేరింది.

నియాన్ జాకెట్ ఎందుకు విఫలమైంది? ఆ రంగు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను గ్రహించి మెరుస్తుంది. రాత్రి ఆ కిరణాలే ఉండవు. కాంతిని తిప్పికొట్టే పట్టీ సంగతి అది కాదు, తనపై పడిన హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే డ్రైవరు కంటివైపు పంపుతుంది. ఇక చీలమండ పట్టీ పైకి కిందికి కదులుతూ ఉంటుంది. ఆ కదలికను చూడగానే అది స్తంభం కాదు, తొక్కుతున్న మనిషి అని మెదడు పోల్చుకుంటుంది. దుకాణంలో ఖరీదైన జాకెట్ కోసం వెతికేవారు ముందుగా కాళ్లకు కట్టుకునే రెండు పట్టీలు కొనుక్కోవడం మేలు. సైకిల్ పెడళ్లకు ఉండే పసుపు రిఫ్లెక్టర్లు చేసేది ఈ పనే. అయితే పాత సైకిళ్లకు అవి ఎప్పుడో విరిగి ఉంటాయి, లేదా నూనె జిడ్డు, దూది ధూళి పట్టి మసకబారి ఉంటాయి. వారానికొకసారి గుడ్డతో తుడవడం ఖర్చులేని జాగ్రత్త.

వెనుక ఎర్ర దీపం మాత్రం తప్పనిసరి. రిఫ్లెక్టరు ఇతరుల వెలుగుపై ఆధారపడుతుంది, దీపానికి ఆ అవసరం లేదు. ఒకప్పుడు మన పట్టణాల్లో దీపం లేకుండా రాత్రి సైకిల్ తొక్కితే పోలీసులు ఆపి జరిమానా వేసేవారు. కిరసనాయిలు దీపం, ఆ తర్వాత చక్రానికి రాసుకుంటూ తిరిగే డైనమో ఆ భయంతోనైనా సైకిల్‌కు ఉండేవి. ఇప్పుడు దీపాలు చవకయ్యాయి, అడిగేవారు మాత్రం లేరు.

ఏ వేళ, ఏ దారి

కేంద్ర రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో సైకిల్‌పై వెళుతున్నవారు 4,800కు పైగా ఉన్నారు. రోజు మొత్తంలో ప్రమాదాలు అత్యధికంగా జరిగేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య. మరమగ్గాల షిఫ్టు మారేది ఆ మూడు గంటల్లోనే. అర్ధరాత్రి దాటాక వాహనాలు తగ్గుతాయి, కానీ ఉన్న కొద్ది వాహనాల వేగం పెరుగుతుంది. 2023 జులైలో అహ్మదాబాద్ ఇస్కాన్ వంతెనపై అర్ధరాత్రి దాటాక ఒక ప్రమాదాన్ని చూడటానికి గుమికూడినవారిపైకి కారు దూసుకెళ్లి తొమ్మిది మంది మరణించారు. పడిపోయినా, ఎవరైనా పడిపోతే సాయపడాలన్నా ముందు రోడ్డు అంచుకు చేరాలన్న జాగ్రత్తకు ఇంతకంటే విషాదకరమైన ఉదాహరణ లేదు.

సూరత్ చుట్టూ 48వ నంబరు జాతీయ రహదారి, హజీరా పారిశ్రామికవాడను తాకే 53వ నంబరు జాతీయ రహదారి ఉన్నాయి. ఈ రెండూ రాత్రంతా భారీ వాహనాలతో నిండి ఉంటాయి. ఒంటరి సైకిల్‌కు ఇవి తగిన దారులు కావు. నగరంలో 100 కిలోమీటర్లకు పైగా విస్తరించిన బీఆర్‌టీఎస్ బస్సుల ప్రత్యేక వరుసలు రాత్రి ఖాళీగా కనిపించి ఊరిస్తాయి. రెండు వైపులా కంచె ఉన్న ఆ వరుసలో వెనుక నుంచి వేగంగా వాహనం వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. డుమస్ తీరం గురించి దెయ్యాల కథలు దేశమంతా ప్రచారంలో ఉన్నాయి. అక్కడికి రాత్రి వెళ్లే సైక్లిస్టు నిజంగా భయపడవలసింది వారాంతపు రాత్రుల్లో ఆ రోడ్డుపై పందేలు కాసే కుర్రకారుకు.

వీధికుక్కల బెడద అందరికీ తెలిసిందే. తరుముతున్నప్పుడు వేగం పెంచితే అవీ వేగం పెంచుతాయి. ఆగి, దిగి, సైకిల్‌ను అడ్డుగా పెట్టుకొని నెమ్మదిగా నడిస్తే చాలావరకు వెనుదిరుగుతాయి. కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలపాటు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా వేయించుకోవాలి.

మహిళల విషయంలో ప్రమాదం వాహనాలతోనే ఆగదు. వెంటపడటం, అసభ్య వ్యాఖ్యల భయం వల్ల రాత్రి ఒంటరిగా సైకిల్ తొక్కే ఆనందం చాలామందికి అందనే అందదు. గుజరాత్‌లో 181 నంబరు మహిళల సహాయవాణి రాత్రింబవళ్లు పనిచేస్తుంది. అత్యవసరమైతే 112 ఉండనే ఉంది. ప్రయాణిస్తున్న దారిని ఇంట్లోవారికి ఫోన్ ద్వారా ఎప్పటికప్పుడు కనిపించేలా ఉంచడం పురుషులకు కూడా మంచిదే.

పడిన తర్వాత

బృందంలో ఒకరు పడితే మరొకరు లేవదీస్తారు. ఒంటరి ప్రయాణంలో అసలు నష్టం ఇక్కడే ఎదురవుతుంది. ఢీకొట్టిన వాహనం ఆగకుండా వెళ్లిపోతే సాక్షి ఉండడు, నంబరు తెలియదు. చూసినవారు సైతం పోలీసు కేసు భయంతో ముందుకు రారు. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ క్షతగాత్రులకు సాయపడినవారికి రక్షణ కల్పిస్తోంది. పేరు, వివరాలు చెప్పాలని వారిని ఎవరూ బలవంతం చేయరాదు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం కింద మోటారు వాహన ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల మేరకు నగదురహిత చికిత్స లభిస్తుంది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ తెలియకపోయినా 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేల పరిహారం పొందవచ్చు. ఈ సమాచారం వలస కార్మికుల బస్తీలకు చేరవలసినంతగా చేరడం లేదు.

ఇష్టంతో తొక్కేవారికి, అవసరంతో తొక్కేవారికి మధ్య ఇంకో అసమానత ఉంది. 200 కిలోమీటర్లు, అంతకుమించిన దూరాలను నిర్ణీత గడువులో పూర్తిచేసే బ్రెవే ప్రయాణాల్లో రాత్రివేళ ముందు, వెనుక దీపాలు, రిఫ్లెక్టివ్ జాకెట్ లేనివారిని అనుమతించరు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌరఫలకాల పైకప్పు సైకిల్ మార్గంలో రాత్రి దీపాలు వెలుగుతాయి. మంచిదే. అయితే 2011 జనగణన ప్రకారం దేశంలో సైకిల్‌పై పనికి వెళ్లేవారు సుమారు 2.6 కోట్ల మంది. వారి దారులు ఇలాంటి మార్గాల మీదుగా పోవు. సూరత్‌లో షెడ్ల నుంచి కార్మికుల బస్తీలకు వెళ్లే లోపలి రోడ్లపై వీధిదీపాలు, షిఫ్టు మారే వేళ వేగ నియంత్రణ, యజమానుల ఖర్చుతో ప్రతి సైకిల్‌కూ ఒక ఎర్ర దీపం, రెండు కాలి పట్టీలు ఇవ్వడం పెద్ద వ్యయంతో కూడిన పనులు కావు.

పనికి వెళుతూ, వస్తూ ప్రమాదానికి గురైతే దాన్ని పనిలో జరిగినట్లుగానే పరిగణించేలా 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించారు. పనికీ ప్రయాణానికీ సంబంధం ఉందని రుజువు కావాలి. హాజరుపట్టీలో పేరే లేకుండా, నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునే సాంచా కార్మికుడి కుటుంబం ఆ రుజువు ఎక్కడి నుంచి తేవాలి? షెడ్ల యజమానులు గుర్తింపు కార్డులు ఇచ్చేవరకు కార్మికుడు తనకు తానుగా చేసుకోగలిగిన ఏర్పాటు ఒకటుంది. పేరు, రక్తవర్గం, ఇంటి ఫోన్ నంబరు, పనిచేసే షెడ్డు చిరునామా రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకోవాలి. దాన్ని తెలుగులోనే కాక గుజరాతీలో కూడా రాయించుకుంటే 108 అంబులెన్సు సిబ్బంది చదవగలుగుతారు.