తూటా మారితే తుపాకి మారినట్టే

రైఫిల్‌ను చూసినవారి దృష్టి సహజంగా గొట్టం మీద, మడమ మీద నిలుస్తుంది గాని, ఆ ఆయుధం స్వభావాన్ని నిర్ణయించేది దానిలో పట్టే తూటాయే. ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు రాజేసే టోపీ, లోపల మందు, మూతికి బిగించిన గుండు కలిస్తే తూటా అవుతుంది. గొట్టం వెనుక తూటా కూర్చునే ఛాంబర్ అనే గది ఆ గుల్ల కొలతకు సరిపోవాలి. గొట్టం లోపలి వ్యాసం, అంటే బోరు, గుండుకు తగినట్టుండాలి. మందు కాలినప్పుడు పుట్టే ఒత్తిడిని తుపాకి వెనుక భాగాన్ని మూసే ఉక్కు దిమ్మె తట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రమాదం గురిపెట్టినవాడికే.

చేతి కింది పిడిని దించి ఎత్తితే తెరుచుకొని మూసుకొనే తుపాకులను లీవర్ రైఫిళ్లంటారు. వాటిలో అమెరికాకు చెందిన 1873 నాటి వించెస్టర్‌లో తూటాలు గొట్టం కింది మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి బారుగా ఉంటాయి కాబట్టి, మొన తేలిన గుండును వాడితే అది ముందున్న తూటా టోపీని తాకి పేలే ముప్పు ఉంటుంది. పైగా తూటాను ఛాంబర్ ఎత్తుకు చేర్చే దిమ్మె ఒక నిర్ణీత పొడవుకే చెక్కి ఉంటుంది. అందువల్ల అటువంటి రైఫిల్‌కు మరో తూటా పట్టించడమంటే గొట్టం ఒక్కటే మార్చడం కాదు. బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన మార్టిని-హెన్రీ కూడా లీవరుతోనే పనిచేసినా, అందులో ఒకసారికి ఒకే తూటా పట్టేది గనుక ఈ చిక్కు లేదు, సుమారు 11.4 మిల్లీమీటర్ల గుండును పేల్చిన ఆ తుపాకికే .303 అంగుళాల గొట్టం బిగించి 1895లో మార్టిని-ఎన్‌ఫీల్డ్‌గా మలిచారు.

భారతదేశంలో ఇటువంటి మార్పులకు సాంకేతిక కారణాల కంటే పాలకుల భయమే ఎక్కువ కారణమైంది. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు, గుండును తిప్పి గురి నిలబెట్టే మెలిక గాడులు లేని నున్నని గొట్టాల తుపాకులే ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో సైన్యపు .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు పంపారు. గొట్టాన్ని నున్నగా వెడల్పు చేసి, తూటాల పెట్టె చోట కర్రముక్క దిగ్గొట్టి, ఒకసారికి ఒక్క తూటాయే పట్టేలా చేసినందువల్ల, ఆ తుపాకి తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా సైనిక రైఫిల్‌లా పనిచేయదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులతోపాటు తూటాలనూ పట్టుకుపోవడాన్ని గమనిస్తే, ఆ భయానికి ఆధారమేమిటో తెలుస్తుంది.

నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశముఖ్ మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలైన తర్వాత ఉద్ధృతమైన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలలు, కర్రల తరువాత జనం చేతికొచ్చింది భర్మారు. మూతి నుంచి మందు, గుండు కూరి కాల్చే ఆ తుపాకికి కర్మాగారపు తూటాతో పనిలేదు. దొరికిన మందు, దొరికిన సీసం చాలు. దానికి బదులుగా ఆలస్యం, కొద్ది దూరం, తడిస్తే పేలకపోవడం భరించాలి. శత్రువు నుంచి లాక్కున్న త్రీనాట్‌త్రీ, అంటే .303 రైఫిల్, ఎంతో మెరుగైనదే గాని, దాని తూటాలు కూడా శత్రువు నుంచే రావాలి. మానుకోట, భూపాలపల్లి వైపు అడవుల్లో తిరిగిన దళాలకైనా ఈ పరాధీనత తప్పేది కాదు.

తూటాను అదుపులో పెడితే తుపాకి అదుపులో ఉంటుందన్న ఆ సూత్రం స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. సైనిక తూటా పౌరుల చేతికి అందకూడదన్న ఉద్దేశంతోనే .303ను పోలిన యంత్రాంగంతో, ఆస్ట్రియా మన్‌లిషర్ తూటా పట్టే .315 వేట రైఫిల్ బ్రిటిష్ కాలంలోనే వాడుకలోకి వచ్చింది. ఇషాపూర్ దాన్ని పౌరుల కోసం తయారు చేసింది. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యానికి 7.62 మిల్లీమీటర్ల తూటా అవసరమైనప్పుడు మాత్రం, పాత .303లను సవరించారన్న ప్రచారానికి భిన్నంగా, అక్కడే మెరుగైన ఉక్కుతో 2ఏ రైఫిళ్లను కొత్తగా నిర్మించారు. కొత్త తూటా ఒత్తిడి పాతదానికంటే ఎక్కువ కావడమే అందుకు కారణం.

2016 ఆయుధ నియమాల పట్టికలో .303, 7.62తోపాటు .410 మస్కెట్ కూడా నిషిద్ధ బోర్లలో ఉంది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తయారీ, అమ్మకాలతో సమానంగా తుపాకి రూపం మార్చడానికీ లైసెన్సును తప్పనిసరి చేసింది. దాన్ని ఉల్లంఘిస్తే 2019 సవరణ ప్రకారం కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. లైసెన్సులో తుపాకి నంబరుతోపాటు బోరును కూడా నమోదు చేస్తారు గనుక, బోరు మార్చిన తుపాకి చట్టం దృష్టిలో యజమానికి అనుమతి లేని మరో ఆయుధమే అవుతుంది.