గాయము దాఁచుకొను బిడ్డలు: అపోహలు – వాస్తవాలు

కౌమారదశలోనున్న బిడ్డ తన దేహమును తానే గాయపఱచుకొనెనని తెలిసినప్పుడు ఇంటిలో మొట్టమొదట వినవచ్చు మాట, "ఇదంతా మమ్మల్ని బెదిరించడానికే" అనునది. బిడ్డను ఇంతగా ఒంటరిఁ జేయు అపోహ మఱొకటి లేదని నా నమ్మకము. నలుగురు చూడవలెననియే చేయు పనియైనచో, రోహిణి కార్తె యెండలలో సైతము చొక్కా చేతులు మణికట్టుదాఁక దించుకొని, తల్లి చేయి పట్టుకొనఁబోఁగా చటుక్కున వెనుకకు లాగుకొనుట యెందులకు? ఇట్టి బిడ్డలలో అనేకులు గాయమును దాఁతురు. భరింపరాని దుఃఖమో, కోపమో, అవమానమో, తన్నుఁ దాను నిందించుకొను తలంపో క్షణకాలమైనను శమించునన్న ఆశతోనే వారట్లు చేయుదురు. ఆ ఉపశమనము వెంటనే సిగ్గు పైకొనును, ఆ సిగ్గే మఱల దుఃఖమును పెంచును.

"వాడిది పుట్టుకతోనే దుడుకు స్వభావం" అనుట రెండవ అపోహ. 2001లో వైట్‌సైడ్, లైనమ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు ముందు వెనుక లాలోచింపని స్వభావమును నాలుగు పాయలుగా విడఁదీసి చూపిరి. వానిలో స్వీయగాయముతో గాఢసంబంధము గలది, మనసు కలఁతపడిన వేళ మాత్రమే పగ్గములు తెంచుకొను తొందరపాటు. కావున తరగతిలో నెమ్మదస్తుఁడని పేరొందిన బాలుఁడును, మార్కులు తగ్గిన రాత్రి, తనవశము తప్పవచ్చును. ఆవేశమును అదుపుచేయు మెదడు ముందుభాగము పరిపక్వమగుటకు ఇంచుమించు ఇరువదియైదేండ్ల ప్రాయము రావలెను. స్వీయగాయము ఆడపిల్లల సమస్య యనుటయు పొరపాటే, మగపిల్లలలోను కలదు.

గాయపఱచుకొను ప్రతి బిడ్డయు చావఁగోరునని తలంపరాదు. అట్లని ఉపేక్షింపనురాదు, ఏలయన అట్టివారిలో తరువాతి కాలమున ఆత్మహత్యాయత్నము జరుగు ప్రమాదము హెచ్చని పరిశోధనలు తెలుపుచున్నవి.

గాయమును గుఱించియో, చావు తలంపును గుఱించియో అడిగినచో లేని ఆలోచన పుట్టించినట్లగునని పెద్దలు జంకుదురు. అడుగుటవలన ప్రమాదము పెరుగదు. అయితే అడుగు తీరు ముఖ్యము: "ఎందుకు చేశావు?" అని గద్దించుటకంటె, "చాలా కష్టంగా ఉందా, అమ్మా?" అని ప్రక్కన కూర్చుండుట మేలు. ఉద్వేగపు ఉద్ధృతి తగ్గువఱకు ఓర్చుకొను ఉపాయములను నేర్పు చికిత్స యొకటి కలదు. మనస్తత్వశాస్త్రజ్ఞురాలు మార్షా లైనహన్ రూపొందించిన ఆ పద్ధతి కౌమారులకు మేలుచేయుచున్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుఁగులోనే మాటలాడవచ్చును. బిడ్డ పెదవి విప్పనిచో తల్లిదండ్రులే చేసి సలహా పొందవచ్చును.