ఆనకట్ట లేని ఎడారి నది

గోదావరి డెల్టాలో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహము లేని ఊరు అరుదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట కరువు నేలను పంట సీమగా మార్చెనని మనము చిన్ననాటి పాఠములలోనే చదివితిమి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన జవహర్‌లాల్ నెహ్రూ ఇట్టి నిర్మాణములను దేవాలయములతో పోల్చిన సంగతియు మనకు తెలిసినదే. ఇట్టి గడ్డపై పుట్టిన మనకు, ఎడారిలో బ్రతుకు జనులే తమ నదికి ఆనకట్ట వలదు, కాలువ వలదు, దానిని దాని దారిన పోనిండు అని పట్టుబట్టిరన్న వార్త వింతగా తోచును. మాకును మొదట అట్లే తోచెను. వారు నీటి విలువ నెరుగనివారా, లేక మనకు తెలియని సంగతి ఏదైనను వారికి తెలియునా అని విచారించుటకై ఈ వ్యాసమును తలపెట్టితిమి.

ఆ నది పేరు కూపర్ క్రీక్. ఆస్ట్రేలియా ఖండము నడిబొడ్డున ఐర్ సరస్సు పరీవాహక ప్రాంతము కలదు. దాని విస్తీర్ణము సుమారు 12 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిసి నాలుగు మారులు అందులో ఇమిడినను ఇంకను చోటు మిగులును. ఈ ప్రాంతపు నదులలో ఒక్కటియు సముద్రమును చేరదు. అన్నియు ఖండము లోపలికే, సముద్రమట్టమునకు సుమారు 15 మీటర్ల దిగువన నున్న ఉప్పు సరస్సు వైపునకే పారును. ఆ సరస్సును 2012 నుండి ఆదివాసుల పేరు చేర్చి కాటి థాండా - ఐర్ సరస్సు అని వ్యవహరించుచున్నారు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున థామ్సన్, బార్కూ అను రెండు నదులు విండోరా అను చిన్న ఊరికి ఎగువన కలిసి కూపర్ అగును. క్రీక్ అనగా వాగు. 1845లో దీనిని చూచిన అన్వేషకుడు చార్లెస్ స్టర్ట్, అప్పుడు ప్రవాహము లేకుండుటచే దీనిని నది యనక వాగు అనెను. ఈ ముచ్చట చెప్పగా మా ఉర్దూ విభాగపు మిత్రుడొకడు, "రెండు దర్యాలు కలిసి ఒక నాలా అయినవా!" అని విస్తుపోయెను. స్టర్ట్ పొరబడెనని చెప్పుటకు వీలులేదు. అతడు వచ్చిన నెలలో అది వాగే. వేరొక ఏట వచ్చియుండినచో యాభై కిలోమీటర్లకు పైగా వెడల్పున పరచుకొన్న మంచినీటి కడలిని చూచియుండెడివాడు.

ఈ వ్యత్యాసమే కూపరు ప్రాణము. దీనిని కొంత వివరింపవలసి యున్నది. ఉత్తరమున ఋతుపవన మేఘములు పొంగిన ఏడు నదికి వరద వచ్చును, రాని ఏడు రాదు. భూమి వాలు కిలోమీటరునకు జానెడు మాత్రమే. అందుచే నీరు ఉరకలు వేయక, జడపాయలవలె అల్లుకొన్న వందలాది కాలువలలోనికి చీలి, మెల్లగా మైదానమంతయు తడుపుచు పోవును. ఈ సీమకు 'చానెల్ కంట్రీ' అను పేరు అందుకే వచ్చినది. విండోరా నుండి బయలుదేరిన వరద సరస్సును చేరుటకు నెలలు పట్టును. దారిలో నేల త్రాగునది, ఎండ త్రాగునది పోగా, ముప్పాతిక వంతుకు మించిన నీరు నడుమనే ఇంకిపోవును. ఐర్ సరస్సు వరకు కూపరు నీరు చేరుట ఒక తరమున కొలది మారులే. 1974, 1990, 2010 సంవత్సరములు అట్టివి.

ఇంకిపోయినదంతయు వ్యర్థమని తలంచుట మనకు సహజము. "వృథాగా పోవుచున్న నీరు" అన్న మాట మన సభలలో ఎన్నిసార్లు వినలేదు! ఇచ్చట ఆ ఇంకుటయే సేద్యము. వరద తీసిన కొలది వారములకు బంకమట్టి మైదానముపై గడ్డి, పూలమొక్కలు మోకాలెత్తు పెరుగును. ఆ మేతపై పశువులు బలియును. అచ్చటి పశుపోషకులు కాలువ త్రవ్వలేదు, పంపు పెట్టలేదు. నది తానే వచ్చి వారి బీడును తడిపి పోవును. వరద తగ్గిన పిదప పాయలలో లోతైన మడుగులు మిగులును. వాటిలో కొన్ని ఎంతటి కరువునకును ఎండవు. చేపలు ఆ మడుగులలో తలదాచుకొని, మరల వరద వచ్చినపుడు వెచ్చని లోతులేని మైదానపు నీటిలోనికి ప్రాకి సంతతిని పెంచుకొనును. సరస్సు నిండిన ఏడు, ఎచ్చటెచ్చటి సముద్రతీరములనుండియో గూడబాతులు వేలకు వేలు వచ్చి దీవులపై గ్రుడ్లు పెట్టును. నడి ఎడారిలో నీరు వచ్చినదని వాటికి ఎట్లు తెలియునో శాస్త్రజ్ఞులు నేటికిని పూర్తిగా తేల్చలేదు.

మనుష్యులును ఈ మడుగుల నాశ్రయించియే వేల ఏండ్లు జీవించిరి. యాంద్రువంద, దియెరి మొదలగు ఆదివాసి జాతులకు కూపరు అన్నము పెట్టినది. 1861లో బర్క్, విల్స్ అను అన్వేషకులు ఖండమును దాటివచ్చి ఈ నది గట్టుననే ఆకలితో మరణించిరి. చేపలున్నవి, మడుగులున్నవి, నార్డూ అను నాలుగాకుల నీటిమొక్క గింజలున్నవి. ఆ గింజలను ఆదివాసులు వేయించి, నూరి, నీట కలిపి తినెడివారు. అట్లు శుద్ధిచేయనిచో వానిలోని పదార్థమొకటి దేహమునందలి విటమిన్ బి-1ను హరించును. ఈ మర్మమును పట్టించుకొనక వారు గింజలు తినుచునే క్షీణించిరి. వారి సహచరుడు జాన్ కింగ్ యాంద్రువందల ఆదరణచే బ్రతికి బయటపడెను. నీటి ప్రక్కనే నిలిచి, ఆ నీటి తీరు నెరుగక చచ్చిన ఈ కథ మమ్ము చాల కాలము వెంటాడినది.

ఈ సందర్భమున మన కళాశాలకు ప్రీతిపాత్రమగు సంగతి యొకటి చెప్పక తప్పదు. ఆ యాత్రకు ఒంటెలు 1860లో హిందూదేశమునుండియే పోయినవి. వానితో పోయిన ఒంటెకాపరులలో దోస్త్ మహమ్మద్ ఒకడు. అటుపై బలూచిస్థాన్, సింధు, పంజాబు ప్రాంతములవారు ఎందరో పోయి, 'అఫ్గనులు' అను ఒక్క పేరుతో పిలువబడుచు, మారీ అను ఊరినుండి కూపరును దాటి ఉత్తరమునకు సరకులు మోసిరి. మారీలో వారు కట్టుకొన్న మట్టి మసీదు ఆ ఖండపు తొలి మసీదులలో ఒకటి. దోస్త్ మహమ్మద్ సమాధి డార్లింగ్ నదీతీరమున మెనిండీ అను ఊరివద్ద కలదు. మెనిండీ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరల దానికి వత్తుము.

ఇక వివాదమునకు. 1995లో విండోరా సమీపమున కరరీవా అను భూమిపై, కూపరు నీటిని మళ్ళించి ప్రత్తి పండింపవలెనను ప్రతిపాదన వచ్చెను. (ప్రత్తిని ఆంగ్లమున 'కాటన్' అందురు. మనకు ఆనకట్ట నిచ్చినవాని పేరే అచ్చట నదికి గండమగుట విధివైచిత్ర్యము.) దీనిని ఎదిరించుటకు తరతరాల పశుపోషకులు, ఆదివాసులు, పర్యావరణవాదులు, శాస్త్రజ్ఞులు ఏకమైరి. సాధారణముగా ఒకరినొకరు నమ్మని వర్గములివి. 1996లో శాస్త్రజ్ఞులు విండోరాలోనే సమావేశమై స్థానికుల యెదుట తమ పరిశీలనలను చర్చించిరి.

ప్రత్తివారి వాదము పైకి న్యాయముగనే యుండెను: నది సగటు ప్రవాహములో మేము కోరునది స్వల్పభాగమే కదా అని. ఇచ్చటనే చిక్కు కలదు. ఊహకొక లెక్క వేసి చూతము. తొమ్మిదేండ్లు ఏటికి 1 పాలు చొప్పున, పదియవ యేట 91 పాళ్ళు నీరు వచ్చినదనుకొందము. పదేండ్లకు మొత్తము 100. సగటు ఏటికి 10. ఆ సగటులో పదవ వంతు మాత్రమే తీసుకొందుమని ఒకడు ఒప్పుకొనెను. అనగా ఏటికి 1. అతడు తన మాట తప్పకయే తొమ్మిదేండ్ల నీటినంతయు త్రాగివేయును! ఎడారి నదికి సగటు అనునది కాగితముపై తప్ప నేలపై లేదు. మడుగులను నిలుపునవి చిన్న చిన్న వరదలే. మళ్ళింపు మ్రింగునదియు వానినే.

జలాశయము కట్టి పెద్ద వరదను దాచుకొనరాదా అని అడుగవచ్చును. లోయ లేని చదును నేలపై నీరు లోతుగా నిలువదు, పళ్ళెమువలె పరచుకొనును. ఏటికి రెండున్నర మీటర్లకు మించి ఆవిరియగు సీమలో ఆ పళ్ళెము గతి ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

విండోరావారికి లెక్కలకన్న పొరుగు నది అనుభవమే పెద్ద పాఠమైనది. డార్లింగ్ నదీ ప్రాంతమున ప్రత్తి సేద్యము, నీటి మళ్ళింపు దశాబ్దములుగా పెరిగినవి. 1991లో ఆ నదిపై వేయి కిలోమీటర్ల పొడవున విషపు నాచు వ్యాపించెను. నాలుగేండ్ల క్రిందటి ఆ దృశ్యము కన్నులకు కట్టియుండగా ప్రత్తి తమ గుమ్మమునకే వచ్చెను. వారి భయము పొల్లు కాలేదు. కరువును నీటి వాడకమును కలిసి డార్లింగును కృశింపజేయగా, 2018 డిసెంబరు, 2019 జనవరి నెలలలో ప్రాణవాయువు కొరవడి లక్షలాది చేపలు మెనిండీ వద్ద తెల్లని పొట్టలు పైకెత్తి తేలినవి. 2023 మార్చిలో మరల అంతకు మించి చచ్చినవి. దోస్త్ మహమ్మద్ నిద్రించుచున్నది ఆ యూరి ప్రక్కనే.

కూపరు ప్రతిపాదన తిరస్కరింపబడెను. 2000 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము, క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియాలు ఐర్ సరస్సు ప్రాంత నదులపై ఒడంబడిక చేసుకొనినవి. 2004లో ఉత్తర ప్రాంతము చేరెను. ఎగువ రాష్ట్రము దిగువ సరస్సునకు బాధ్యత వహించుట దీని సారము. నీటి పంపకమునకై ట్రిబ్యునళ్ళ చుట్టు తిరుగు మనకు ఇది అసూయ కలిగించు విషయమే. క్వీన్స్‌లాండ్ 2005లో స్వేచ్ఛానదుల చట్టమును చేసి, 2011లో కూపరును దాని రక్షణలోనికి తెచ్చెను. 2014లో వేరొక ప్రభుత్వము ఆ చట్టమునే రద్దుచేసెను. ఆ చట్టమును నిరసించినవారందరును స్వార్థపరులని మేమనము. కేప్ యార్క్ ప్రాంతపు ఆదివాసి నాయకుడు నోయెల్ పియర్సన్, తమ జనుల జీవనోపాధిని తమను అడుగకయే బంధించినారని దానిని గట్టిగా వ్యతిరేకించెను. నదిని కాపాడువారు ఆ నది ఒడ్డువారిని అడిగి కాపాడవలెనన్న ఆతని మాట త్రోసివేయరానిది.

ఇక కలలకు కొదవ లేదు. సిడ్నీ వంతెన నిర్మాణమున ప్రసిద్ధుడైన ఇంజనీరు బ్రాడ్‌ఫీల్డ్ 1938లోనే, తూర్పు తీరపు టల్లీ, హెర్బర్ట్, బర్డెకిన్ నదుల నీటిని కొండలు దాటించి ఈ ఎడారికి మళ్ళింపవలెనని పథకము వేసెను. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల అది సమాధినుండి లేచి కూర్చుండును, 2020లోను లేచెను.

ఇంత చదివి, మరి ధవళేశ్వరము కట్టుట తప్పా అని మిత్రులు అడుగవచ్చును. మేమట్లు తలంపము. గోదావరి ఏటేట తప్పక వచ్చు నది. కోట్ల జనులు దానిపై ఆధారపడి యున్నారు. కూపరు తీరమున కిలోమీటరునకు ఒక మనిషియైనను లేడు. ఒక నదికి కుట్టిన చొక్కా వేరొక నదికి తొడుగుట యుక్తము కాదన్నదే మా భావము. అయినను మన లెక్కలును సగటులపైననే నిలిచియున్నవి. 2001 మొదలు 2004 వరకు నడచిన కరువు యేండ్లలో కృష్ణానది సముద్రమును చేరిన నీరు దాదాపు శూన్యము. దివిసీమవారిని అడిగినచో ఉప్పు ఎంత దూరము లోనికి వచ్చినదో చెప్పుదురు.

2025 మార్చి నెలాఖరున పశ్చిమ క్వీన్స్‌లాండున మహావర్షములు కురిసెను. కొన్ని ఊళ్ళలో నీరు 1974 నాటి గుర్తులను మించెను. లక్షకు పైగా పశువులు, గొర్రెలు కొట్టుకొనిపోయినవి. కంచెలు వందల మైళ్ళు కూలినవి. ఆ నష్టము సామాన్యమైనది కాదు. ఆ తరువాత నెలల తరబడి నీరు తన పాత దారిన, జానెడు వాలున, ఏ గేటు ముందును ఆగక సరస్సు వైపు నడచెను. గూడబాతులు అప్పటికే వచ్చి చేరినవి.